ఎలుక కడుపును కాపాడిన మందు మనిషిని కాపాడుతుందా?

ఫలానా పండులోనో ఫలానా వేరులోనో ఉండే పదార్థం మద్యం వల్ల కడుపు లోపలి పొర దెబ్బతినకుండా కాపాడుతుందని తేలిందట, అంటూ వార్తలు వస్తూనే ఉంటాయి. చదివినవాళ్లలో చాలామందికి మనసులో మిగిలేది ఒక్కటే: అదేదో ముందుగా పుచ్చుకుని తాగితే ఇక భయం లేదు. ఈ వార్తలు చూస్తే నాకు కోపం వస్తుంది. అవి అబద్ధాలని కాదు, చాలావరకు నిజాలే. ఆ ప్రయోగాలు జరిగాయి, ఆ ఎలుకల కడుపులు నిజంగానే బాగున్నాయి. కానీ ఆ ప్రయోగంలో ఏం చేశారు, లోపల ఏది బతికింది, ఏది చచ్చింది, ఎంతసేపు చూశారు అన్న సంగతులన్నీ పక్కన పడేసి "కాపాడుతుంది" అన్న ఒక్క మాట మన చేతిలో పెడితే, ఆ మాట మీద భరోసాతో గ్లాసు ఎత్తేవాడి గతి ఏం కావాలి?

నా వాదన సూటిగా చెప్తాను. ఈ పదార్థాల మీద జరిగిన పరిశోధన చాలా గొప్పది. కడుపు తనను తాను ఎలా కాపాడుకుంటుందో మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం అక్కడి నుంచే వచ్చింది. తాగేవాడికి కవచం తయారుచేయడం మాత్రం ఆ పరిశోధన చేసిన పని కాదు, దాని ఫలితాలను అలా వాడుకోవడం కుదరదు కూడా.

ముందు కడుపు సంగతి. జీర్ణాశయంలో ఊరే ఆమ్లం పీహెచ్ (ఆమ్లం ఘాటును చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ ఘాటు ఎక్కువ) ఒకటి, రెండు దాకా దిగిపోతుంది. అంత ఘాటైన ఆమ్లం పక్కనే బతుకుతున్న కణాల దగ్గర పీహెచ్ దాదాపు ఏడు, అంటే మంచినీళ్లంత. మధ్యలో ఉన్నది పలచటి జిగురు పొర మాత్రమే. ఆ జిగురులోకి కణాలు ఎప్పటికప్పుడు బైకార్బొనేట్‌ను వదులుతూ ఉంటాయి, లోపలికి చొరబడే ఆమ్లం దారిలోనే విరిగిపోతుంది. జిగురు కింద ఒకదానికొకటి గట్టిగా అతుక్కున్న కణాల వరస, దాని కింద సన్నటి రక్తనాళాల వల. చొరబడినదాన్ని కడిగేయడానికీ, కణాలకు ఆక్సిజన్, బైకార్బొనేట్ అందించడానికీ ఆ రక్తప్రవాహమే ఆధారం. పైవరస కణాలు మూడు నుంచి ఐదు రోజుల్లో రాలిపోయి కొత్తవి వస్తాయి. ఈ ఏర్పాటు అంతటికీ వెనక నుంచి ఆజ్ఞలు ఇచ్చేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే చిన్న అణువులు. నొప్పుల మాత్రలు కడుపును పాడుచేసేది ప్రధానంగా ఇందుకే, అవి ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపేస్తాయి.

ఘాటైన ఆల్కహాల్ వచ్చి పడితే ఏమవుతుంది? జిగురు పొర చెదిరిపోతుంది, కణాల కొవ్వు పొరలు కరిగి కారడం మొదలవుతుంది. ఇంతవరకు ఎవరైనా ఊహించగలరు. అసలు దెబ్బ దాని కింద పడుతుంది. శాండర్ సాబో బృందం ఎలుకల రక్తనాళంలోకి రంగు ఎక్కించి చూసింది: దెబ్బతిన్న నాళాల గోడల్లో ఆ రంగు చిక్కుకుంటుంది, కాబట్టి ఎక్కడ, ఎప్పుడు దెబ్బ తగిలిందో కళ్లకు కనిపిస్తుంది. కడుపులోకి ఆల్కహాల్ వెళ్లిన ఒకటి నుంచి మూడు నిమిషాల్లోనే సన్నటి నాళాలు దెబ్బతిని లీకవడం మొదలైందని 1985లో ప్రచురించారు. కంటికి కనిపించే పుండు ఆ తర్వాతి సంగతి. నాళాలు మూసుకుపోతే రక్తం నిలిచిపోతుంది, ఆక్సిజన్ అందదు, ఆ పైనున్న కండంతా చచ్చిపోతుంది. వాటికి తోడు ఫ్రీ రాడికల్స్, అంటే దొరికిన కణాన్నల్లా దెబ్బతీసే చురుకైన అణువులు. అంటే ఆల్కహాల్ దెబ్బ యాసిడ్ మీద ఆధారపడి నడిచే కథ కాదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఇప్పుడు 1979కి వెళ్దాం. అమెరికాలోని అప్‌జాన్ అనే మందుల కంపెనీలో ఆండ్రే రాబర్ట్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. పస్తులుంచిన ఎలుకలకు నోటి ద్వారా ఒక మిల్లీలీటరు శుద్ధ ఆల్కహాల్ పోసేవాడు. గంట తిరిగేసరికి వాటి కడుపుల నిండా చచ్చిన కండ, నెత్తుటి చారలు. అలాంటి ఎలుకలకే ముందుగా కొద్దిగా ప్రోస్టాగ్లాండిన్ ఇస్తే ఆ చారలు రాలేదు. ఆల్కహాల్ ఒక్కటే కాదు, గాఢమైన ఆమ్లం, క్షారం, చిక్కటి ఉప్పునీళ్లు, చివరికి మరుగుతున్న నీళ్లు పోసినా అదే ఫలితం. ఇంకో విశేషం, ఆ రక్షణకు సరిపోయిన మోతాదు యాసిడ్‌ను తగ్గించే మోతాదు కంటే చాలా తక్కువ. యాసిడ్‌ను తగ్గించే సిమెటిడిన్ లాంటి మందులు, యాసిడ్‌ను విరిచే యాంటాసిడ్లు ఇచ్చి చూస్తే అవి ఈ రక్షణ ఇవ్వలేదు. అప్పటివరకు పుండు అంటే యాసిడ్, మందు అంటే యాసిడ్ తగ్గించేది అన్న లెక్కలో ఉన్న వైద్యానికి ఇది కొత్త సంగతి. దీనికి ఆయన సైటోప్రొటెక్షన్ అని పేరు పెట్టాడు. కణరక్షణ అనుకోండి.

ఆ పేరులోనే చిక్కు ఉందని మూడేళ్లలో తేలింది. 1982లో లేసీ, ఇటో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అలాంటి కడుపులనే మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారు. మామూలు కంటికి ప్రోస్టాగ్లాండిన్ ఇచ్చిన ఎలుక కడుపు నున్నగా, గులాబీ రంగులో, ఏమీ జరగనట్టే ఉంది. మైక్రోస్కోప్‌లో మాత్రం పైవరస కణాలు చాలాచోట్ల చచ్చి ఊడిపోయి ఉన్నాయి, ప్రోస్టాగ్లాండిన్ ఇవ్వని ఎలుకలో ఎలా ఊడిపోయాయో ఇక్కడా దాదాపు అలాగే. తేడా అంతా లోతులో. ప్రోస్టాగ్లాండిన్ ఇచ్చినచోట లోపలి గ్రంథుల కణాలు బతికే ఉన్నాయి, రక్తస్రావం లేదు, నాళాలు తెరుచుకునే ఉన్నాయి. లోతున కణాలు బతికితే అవి పొరలో ఉండే చిన్న చిన్న గుంతల్లోంచి పాకుకుంటూ పైకి వచ్చి ఖాళీ అయిన చోటును కప్పేస్తాయి. ఈ పాకడం నిమిషాల్లో మొదలై, గంటలోపే చాలామేర పూర్తవుతుంది. కొత్త కణాలు పుట్టేదాకా ఆగాల్సిన పని లేదు, ఉన్నవే సాగి, చదునై జరుగుతాయి.

ఈ ఒక్క విషయం వార్తల్లో రాసేవాళ్లు చెప్తే చాలు, సగం అపోహ పోతుంది. "కాపాడింది" అంటే దెబ్బ తగలకుండా అడ్డుకుంది అని కాదు. దెబ్బ తగిలింది, కణాలు చచ్చాయి. మరమ్మతు చేసే సరంజామా మిగిలింది, అంతే. మళ్లీ మళ్లీ దెబ్బ తగులుతుంటే ఆ మరమ్మతు పూర్తయ్యే తీరిక ఉండదు.

తర్వాతి ఏళ్లలో బయటపడ్డవి కూడా ఇలాంటివే, చదువుతుంటే కడుపు మీద గౌరవం పెరుగుతుంది. సాబో బృందం 1981లో గంధకం ఉన్న సల్ఫ్‌హైడ్రిల్ సమ్మేళనాల సంగతి చెప్పింది. కడుపు కణాల్లో గ్లూటాథయోన్ అనే పదార్థం సహజంగానే చాలా ఉంటుంది, ఫ్రీ రాడికల్స్‌ను తనమీదకు తీసుకునేది అదే. ఆల్కహాల్ పడగానే ఈ కోవకు చెందిన పదార్థాలు తగ్గిపోతాయి. సిస్టీన్, ఎన్-అసిటైల్ సిస్టీన్ లాంటి సల్ఫ్‌హైడ్రిల్ పదార్థాలు ముందుగా ఇస్తే దెబ్బ తగ్గింది. సల్ఫ్‌హైడ్రిల్‌ను కట్టిపడేసే రసాయనం ఇస్తే ప్రోస్టాగ్లాండిన్ రక్షణ కూడా పనిచేయలేదు.

మిరపలోని ఘాటు పదార్థం క్యాప్సైసిన్ కథ ఇంకా ఆసక్తికరం. కడుపు గోడలో ఘాటును పసిగట్టే నరాలు ఉన్నాయి. కొద్ది మోతాదులో క్యాప్సైసిన్ తగిలితే అవి సీజీఆర్‌పీ అనే చిన్న ప్రోటీన్ ముక్కను వదులుతాయి, నైట్రిక్ ఆక్సైడ్ తోడవుతుంది, రక్తనాళాలు విచ్చుకుని ప్రవాహం పెరుగుతుంది, ఆల్కహాల్ దెబ్బ తగ్గుతుంది. అదే క్యాప్సైసిన్‌ను పెద్ద మోతాదులో ఇచ్చి ఆ నరాలనే నాశనం చేస్తే అదే ఆల్కహాల్ ఇంకా ఎక్కువ పుండ్లు చేసింది. ఒకే పదార్థం మోతాదును బట్టి అటూ ఇటూ తిరిగింది. "మిరపలో రక్షణ గుణం ఉంది" అని హెడ్డింగ్ పెట్టేస్తే ఇందులో ఏం మిగిలింది?

అన్నిటికన్నా ఎక్కువగా పక్కదారి పట్టింది 1983లో రాబర్ట్ బృందం చూపించిన సంగతి అనుకుంటాను. ఎలుకకు ముందుగా నీళ్లు కలిపిన పలచటి ఆల్కహాల్ ఇచ్చి, కొద్దిసేపాగి శుద్ధ ఆల్కహాల్ పోస్తే దెబ్బ బాగా తగ్గింది. పలచటి ఆమ్లం, పలచటి క్షారం, ఉప్పునీళ్లు ఇచ్చినా అంతే. స్వల్పంగా రేపితే కడుపు తన ప్రోస్టాగ్లాండిన్లను తానే తయారుచేసుకుని సిద్ధమైపోతుంది. ఆ తయారీని ఇండోమెథసిన్ అనే నొప్పుల మందుతో ఆపేస్తే రక్షణ కూడా చాలావరకు పోయింది.

దీన్నుంచి కొందరు తీసే అర్థం, రోజూ కొంచెం తాగితే కడుపు గట్టిపడుతుందని. తప్పు. ప్రయోగంలో కనిపించింది కొద్దిసేపటి ప్రతిస్పందన, ఏళ్లతరబడి నిలిచే బలం కాదు. రెండో అర్థం నిజానికి ఎవరూ తీయరు, తీయాల్సింది అదే. పలచటి ఆమ్లం, ఉప్పునీళ్లు కూడా ఎలుక కడుపును కాపాడగలిగినప్పుడు, ఒక మొక్క రసం కాపాడిందంటే ఆ మొక్కలో ఏదో ప్రత్యేక ఔషధం ఉన్నట్టు రుజువైనట్టేనా? ఆ రసం స్వల్పంగా రేపడం వల్లే కడుపు తన రక్షణను తాను లేపుకుని ఉండొచ్చు. లేదంటే అందులోని టానిన్లు అనే వగరు పదార్థాలు పైపొర ప్రోటీన్లను గట్టిపరిచి ఉండొచ్చు. ఈ అనుమానాలు తీర్చకుండా "రక్షణ గుణం నిరూపితం" అని రాసేసిన పత్రాలు చూస్తే బాధేస్తుంది. ఉల్లిపాయలోని క్వెర్సెటిన్, పసుపులోని కర్క్యుమిన్, అల్లంలోని జింజెరాల్, అతిమధురంలోని గ్లైసిరైజిన్, ఇలా ఎన్నో పదార్థాలు ఈ పరీక్ష పాసయ్యాయి. ఇన్ని పాసయ్యాయంటే, పరీక్ష ఎంత తేలికగా ఉందో కూడా ఒకసారి ఆలోచించాలి కదా.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూద్దాం. ఎలుకను చాలాసార్లు ఒక రోజంతా పస్తు ఉంచుతారు, కడుపు ఖాళీ కావాలని. పరీక్షించే పదార్థాన్ని గొట్టంతో నేరుగా కడుపులోకి పంపుతారు. అరగంటో గంటో ఆగి ఆల్కహాల్ పంపుతారు. ఇంకో గంటకు ఎలుకను చంపి, కడుపు తీసి, పెద్ద వంపు వెంబడి కోసి, కడిగి, బోర్డు మీద పరిచి పిన్నులు గుచ్చుతారు. ముదురు ఎరుపు చారలను కొలిచి, ఆ పొడవులు లేదా వైశాల్యం కూడితే అల్సర్ ఇండెక్స్ వస్తుంది. పదార్థం ఇచ్చిన గుంపులో ఆ అంకె ఎంత శాతం తగ్గితే అంత రక్షణ. ఇంతే.

మోతాదు లెక్క వేద్దాం. రెండు వందల గ్రాముల ఎలుకకు ఒక మిల్లీలీటరు శుద్ధ ఆల్కహాల్. బరువు దామాషాలో అరవై కిలోల మనిషికి అది మూడు వందల మిల్లీలీటర్లు, అంటే నలభై శాతం ఘాటున్న 750 మిల్లీలీటర్ల సీసాలో ఉండే ఆల్కహాల్ అంతా, చుక్క నీళ్లు లేకుండా, ఒక్క గుక్కలో. ఎలుకకు వాంతి చేసుకునే శక్తి కూడా లేదు. మనిషి తాగే పద్ధతి పూర్తిగా వేరు: తక్కువ గాఢత, గంటలకొద్దీ, వారాలకొద్దీ, ఏళ్లకొద్దీ. ఒక్క దెబ్బ, ఒక్క గంట చూసే ప్రయోగం లోపల ఏది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి అద్భుతంగా పనికొస్తుంది. ఇరవై ఏళ్ల అలవాటుకు జవాబు అందులో ఉండదు. పైగా రక్షణ కనిపించిందంతా ముందుగా ఇచ్చినప్పుడు. తాగాక మర్నాడు మంటగా ఉందని వేసుకునేదానికి ఈ ప్రయోగం ఏ హామీ ఇవ్వలేదు.

ఇంత చెప్పాక ఈ దారిలో అసలు మందులే రాలేదా అంటే, వచ్చాయి, మంచివే వచ్చాయి. మిసోప్రొస్టాల్ ప్రోస్టాగ్లాండిన్‌కు కృత్రిమ రూపం. నొప్పుల మాత్రల వల్ల వచ్చే పుండ్లను నివారించడానికి అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. విరేచనాలు తెస్తుంది, గర్భిణులు ఆ పని కోసం అసలు వాడకూడదు, గర్భస్రావం అవుతుంది. సుక్రాల్‌ఫేట్ అక్కడ 1981లో వచ్చింది. చక్కెర అణువుకు సల్ఫేట్, అల్యూమినియం జోడించి చేసిన మందు. ఆమ్లంలో జిగురుముద్దలా మారి పుండు మీద పట్టీలా అతుక్కుంటుంది. జపాన్‌లో రెబామిపైడ్, టెప్రెనోన్, జింకును కార్నోసిన్‌తో కలిపిన పోలాప్రెజింక్ వాడుకలోకి వచ్చాయి. ఇవి ఎవరికి? కీళ్లవాతంతో ఏళ్లతరబడి నొప్పుల మాత్రలు మింగక తప్పనివాళ్లకు, పుండు మానాల్సినవాళ్లకు. ఆ పరిశోధన ఫలం చేరాల్సిన చోటుకే చేరింది. తాగే ముందు వేసుకునే మందుగా ఇవి తయారవలేదు.

మా స్నేహితుల్లో ఒకడికి ఈ విషయం ఎంత చెప్పినా ఒకటే మాట, "ముందే గ్యాస్ టాబ్లెట్ వేసుకున్నాను రా, నాకేం కాదు." వాడిమీద ప్రేమతోనే రాస్తున్నాను. వాడు వేసుకునేది యాసిడ్ తగ్గించే మాత్ర. ఆల్కహాల్ నేరుగా చేసే దెబ్బ యాసిడ్ మీద ఆధారపడదని పైన చూశాం. మాత్ర వల్ల మంట తగ్గుతుంది, నిజమే. మంట తగ్గితే హాయిగా ఇంకో రెండు పెగ్గులు ఎక్కువ పడతాయి. అంటే వాడికి దొరికింది రక్షణ కాదు, హెచ్చరిక గంట ఆపేసే ఏర్పాటు.

ఆ గంట అసలే నమ్మదగినది కాదు. 1822లో అమెరికాలోని మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకీ గుండు తగిలి కడుపుకు రంధ్రం పడింది, అది పూర్తిగా మూసుకోలేదు. విలియం బ్యూమాంట్ అనే సైనిక వైద్యుడు ఆ రంధ్రంలోంచి ఏళ్లతరబడి బతికున్న మనిషి కడుపును చూసి 1833లో పుస్తకం వేశాడు. సెయింట్ మార్టిన్ కొన్ని రోజులపాటు గట్టిగా తాగిన తర్వాత చూస్తే లోపలి పొర ఎర్రబడి, మచ్చలు పడి ఉంది. మనిషిని అడిగితే నొప్పేమీ లేదన్నాడు. రెండు వందల ఏళ్లు కావస్తోంది ఇది రాసి, ఇప్పటికీ మనం "నాకేం నొప్పి లేదు కాబట్టి కడుపు బాగుంది" అనే అనుకుంటున్నాం.

సరే, రేపు నిజంగానే కడుపు పొరను నూటికి నూరుపాళ్లు కాపాడే మందు వచ్చిందనుకుందాం. తాగిన ఆల్కహాల్‌లో ఎక్కువ భాగం రక్తంలోకి చేరేది చిన్నపేగు నుంచి. అక్కడి నుంచి లివర్‌కు వెళ్లి అసిటాల్డిహైడ్ అవుతుంది, అది డీఎన్ఏను పాడుచేస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మద్యాన్ని 1988లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. నోరు, గొంతు, అన్నవాహిక, లివర్, పెద్దపేగు, ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్లకు మద్యంతో సంబంధం ఉంది. ఇంత మోతాదు వరకు పర్వాలేదని చెప్పగలిగే సురక్షిత స్థాయి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది. కడుపు పొర మీద పనిచేసే ఏ పదార్థమూ వీటిని ఆపలేదు. లివర్ గట్టిపడి అన్నవాహికలో సిరలు ఉబ్బి పగిలితే వచ్చే నెత్తుటి వాంతినీ సుక్రాల్‌ఫేట్ ఆపలేదు.

అందుకని మాత్ర వేసుకున్నాను కదా అని ఊరుకోకూడని గుర్తులు కొన్ని చెప్తాను. వాంతిలో నెత్తురు కనిపించినా, కాఫీ పొడి లాంటి నల్లటి నలకలు పడినా, మలం తారులా నల్లగా జిగటగా వచ్చినా, నిలబడగానే కళ్లు తిరిగినా అది లోపల రక్తస్రావం కావచ్చు, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. (ఐరన్ మాత్రలు, బిస్మత్ ఉన్న మందులు వాడేవాళ్లకు కూడా మలం నల్లగా వస్తుంది, ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి.) తలనొప్పికనో ఒళ్లునొప్పులకనో తాగిన రోజు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోవడం మరీ ప్రమాదం. ఒకపక్క ఆల్కహాల్ పొరను చింపుతుంటే ఇంకోపక్క ఈ మాత్ర కడుపు తయారుచేసుకునే ప్రోస్టాగ్లాండిన్లనే ఆపేస్తుంది. రాబర్ట్ ఎలుకల్లో ఇండోమెథసిన్ ఏం చేసిందో ఇక్కడా అదే కోవలో జరుగుతుంది.

దెబ్బ ఆగితే పైపొర త్వరగానే కోలుకోవడం మొదలుపెడుతుంది, కడుపుకు ఆ శక్తి పుట్టుకతోనే ఉంది. అయితే రోజూ ఎక్కువగా తాగే అలవాటున్నవాళ్లు ఇది చదివి రేపటి నుంచే పూర్తిగా బంద్ అనుకుని ఒక్కసారిగా ఆపేయకండి. వణుకు, ఫిట్స్, మతి తప్పడం దాకా రావచ్చు, ప్రాణం మీదకు కూడా వస్తుంది. ముందు డాక్టర్‌ను కలిసి రోజూ ఎంత తాగుతున్నారో దాచకుండా చెప్పండి. ఆ కొన్ని రోజులు గడవడానికి వాళ్ల దగ్గర మందులున్నాయి.